తక్కువ ధరలో ఎలక్ట్రిక్ ట్రాలీ కొనాలా? ముందు బండి రాత్రి ఎక్కడ ఆగుతుందో చూడండి

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా: నాచారంలో కూల్‌డ్రింక్స్, వాటర్ బాటిళ్లు, బిస్కెట్ల డిస్ట్రిబ్యూషన్ నడుపుతున్నారు. పాత డీజిల్ టాటా ఏస్ ట్రాలీ పదేళ్లు దాటింది, రిపేర్లు ఎక్కువయ్యాయి. ఉప్పల్, హబ్సిగూడ, మల్కాజిగిరి, బోడుప్పల్ షాపులన్నీ తిరిగితే రోజుకు 70 కిలోమీటర్ల దాకా వస్తోంది. చేతిలో 8 లక్షల లోపు బడ్జెట్ ఉంది. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య అక్కడి 20 వేల డాలర్ల ఎలక్ట్రిక్ పికప్ గురించి పంపాడు. ఇక్కడ అలాంటిది ఏముంది, కొంటే నిజంగా మిగులుతుందా, లేక మళ్లీ డీజిలే తీసుకోవాలా, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ కిలోమీటర్లకు ఎలక్ట్రిక్ బండి కడుతుంది. కానీ రాత్రి బండి నిలిపే చోట మీ సొంత చార్జింగ్ పాయింట్ ఉంటేనే. అది లేకపోతే ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి. బయట స్టేషన్లలో చార్జింగ్ పెట్టుకుంటూ చిన్న ట్రాలీ నడిపిన వాళ్లలో డీజిల్ మీద మిగిలిందని చెప్పినవాళ్లు నాకు కనపడలేదు.

నేను బోయిన్‌పల్లి, బాలానగర్ వైపు చిన్న గూడ్స్ బండ్లు నడిపిస్తాను. డీజిల్ ఉన్నాయి, సీఎన్‌జీ ఉంది, కొన్నేళ్లుగా ఎలక్ట్రిక్ కూడా ఉన్నాయి. కూరగాయలు, మందుల కార్టన్లు, ఈ-కామర్స్ పార్సిళ్లు అన్నీ ఎక్కిస్తాం. కింది లెక్క నేను బండి కొనేముందు కాగితం మీద వేసుకునే లెక్కే.

నెలకు 26 రోజులు, రోజుకు 70 చొప్పున 1,820 కిలోమీటర్లు. లోడుతో సిటీ ట్రాఫిక్‌లో డీజిల్ చిన్న ట్రాలీ లీటరుకు 16 ఇస్తుందనుకుందాం. లీటరు 96 రూపాయలు వేసుకుంటే నెలకు దాదాపు 11 వేలు డీజిల్‌కే పోతుంది. ఎలక్ట్రిక్ బండి, చార్జింగ్‌లో పోయే నష్టం కూడా కలుపుకుని, యూనిట్‌కు 5 కిలోమీటర్లు వస్తుంది. అంటే నెలకు సుమారు 364 యూనిట్లు. ఆ 364 యూనిట్లు మీకు ఏ రేటుకు పడతాయన్నదే అసలు విషయం.

ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) చార్జింగ్ కేటగిరీలో విడిగా మీటరు ఉంటే యూనిట్ 6 రూపాయల దగ్గర పడుతుంది, ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. నెలకు 2,200 చాలు. ఇంటి మీటరుకే తగిలిస్తే మీ ఇంటి వాడకం మీద ఈ 364 వచ్చి పడతాయి, స్లాబు మారుతుంది. 400 దాటాక యూనిట్ 9.50 రూపాయలు. అన్నీ ఆ రేటుకే అనుకున్నా 3,500 లోపు. గోడౌన్‌కు కమర్షియల్ మీటరు ఉంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ 10 రూపాయలు దాటుతుంది. ఇక బయట ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్‌లో 18 శాతం జీఎస్టీ కలుపుకుని యూనిట్ 20 రూపాయలు అనుకోండి. నెలకు 7,300 అవుతుంది.

డీజిల్‌తో పోలిస్తే నెలకు మిగిలేది విడి ఈవీ మీటరు మీద 8,700, ఇంటి మీటరు మీద 7,500, బయట చార్జింగ్ మీద 3,700 కూడా లేదు. ఒకే బండి, అవే కిలోమీటర్లు. చార్జింగ్ పెట్టే చోటు మారితే లెక్క మొత్తం మారిపోయింది.

ఇప్పుడు కిస్తీ. డీజిల్ చిన్న ట్రాలీ ఎక్స్-షోరూం 5.5 లక్షల చుట్టుపక్కల ఉంది. ఆన్‌రోడ్ 6.2 అనుకుని, చేతి నుంచి 1.2 పెట్టి 5 లక్షలు లోన్ తీసుకుంటే, 10 శాతం వడ్డీకి నాలుగేళ్లకు నెలకు 12,700 దాకా వస్తుంది. ఎలక్ట్రిక్ ఆన్‌రోడ్ 8 అనుకోండి. చేతి నుంచి 1.6 పెట్టి 6.4 లక్షలు లోన్. ఎలక్ట్రిక్‌కు ఫైనాన్స్ వాళ్లు వడ్డీ కాస్త ఎక్కువే అడుగుతారు కాబట్టి 12 శాతం వేశాను. కిస్తీ 16,900 దాకా. తేడా నెలకు 4,200.

అంటే విడి మీటరు ఉంటే 8,700లో నుంచి 4,200 పోను నెలకు 4,500 మిగులు. ఇంటి మీటరు మీదైతే 3,300. బయట చార్జింగ్ మీద ఆధారపడితే నెలకు 500 చేతి నుంచే పోతుంది. దీనికి తోడు స్టేషన్ దగ్గర క్యూలో నిలబడే టైం. ఆ టైంలో డ్రైవర్ జీతం మీరే కడుతున్నారు.

కిలోమీటర్లు తగ్గినా ఇదే కథ. రోజుకు 30 కిలోమీటర్లే తిరిగితే, విడి మీటరు ఉన్నా కూడా ఆదా 3,700 దగ్గరే ఆగుతుంది. కిస్తీ తేడాకు సరిపోదు. అదే రోజుకు 100 తిరిగితే కిస్తీ తేడా పోను నెలకు 8 వేల పైన మిగులుతుంది. అందుకే కొనే ముందు ఒక నెల రోజుల ఓడోమీటర్ రీడింగ్ రోజూ రాత్రి రాసి పెట్టుకోండి. "70 దాకా" అని మనం అనుకునేది చాలామందికి రాసి చూస్తే 45 ఉంటుంది. పండగ సీజన్‌లో 90 ఉంటుంది. ఆ రెండూ తెలియాలి. మొదటిది కిస్తీ కోసం, రెండోది బ్యాటరీ సరిపోతుందా లేదా అని తెలియడం కోసం.

సర్వీసు ఖర్చు పైన కలపలేదు. ఆయిల్, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు, ఇంజెక్టర్ల గొడవ ఎలక్ట్రిక్‌లో లేదు. డీజిల్ బండి మూడో ఏడు దాటాక సగటున నెలకు వెయ్యి రూపాయల పైనే అక్కడ తేడా వస్తుంది. టైర్లు మాత్రం రెండింటికీ అరుగుతాయి. మా డ్రైవర్లు సిగ్నల్ పడగానే ఒక్కసారిగా లాగుతారు కాబట్టి ఎలక్ట్రిక్‌కు వెనక టైర్లు ఇంకా ముందే అరిగాయి.

మీ అన్నయ్య చెప్పిన బండి గురించి ఒక మాట. అది 2025 ఏప్రిల్‌లో చూపించిన స్లేట్ పికప్ అయి ఉండాలి. 20 వేల డాలర్ల లోపు అన్నది అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల రాయితీ పోగా వచ్చే ధర. ఆ రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. అది ఇక్కడ అమ్మే బండి కాదు. మోసే బరువు కూడా 650 కేజీల దగ్గరే, అంటే మన చిన్న ట్రాలీ అంతే. నేను దీని నుంచి తీసుకున్నది ఒకటే: రాయితీని నమ్ముకుని వేసిన లెక్క, రాయితీ ఆగిన రోజే తప్పిపోతుంది. మన దగ్గర కూడా దాన్ని విడిగా చూసుకోవాలి.

తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 100 శాతం మినహాయింపు 2024 నవంబర్ నుంచి అమల్లో ఉంది. చిన్న గూడ్స్ బండ్లు కూడా అందులో ఉన్నాయి. గడువు 2026 డిసెంబర్ 31. బుకింగ్ చేశాం కదా అని ఊరుకోకండి, ఆ తేదీ లోపు రిజిస్ట్రేషన్ అయిపోయేలా చూసుకోండి. ఎలక్ట్రిక్ బండ్లకు రాయితీ ఇచ్చే కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం మాత్రం మీరు చూస్తున్న చిన్న నాలుగు చక్రాల గూడ్స్ బండికి వర్తించదు. అందులో ట్రక్కుల రాయితీ 3.5 టన్నుల పైబడిన వాటికే. షోరూంలో ఎవరైనా "సెంట్రల్ సబ్సిడీ పోగా ఈ రేటు" అంటే ఆ లైను కొటేషన్‌లో రాయించుకోండి. సాధారణంగా అది కంపెనీ డిస్కౌంటే అయి ఉంటుంది.

ఇంకో మార్పు కూడా మీ లెక్కలో ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెట్రోలు, డీజిల్ గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్ మీద ముందూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే. అంటే పెట్రోలు, డీజిల్ బండ్లు చవకయ్యాయి, ఎలక్ట్రిక్ అక్కడే ఉంది, మధ్యలో తేడా పెరిగింది. అంతకుముందు చేసిన వీడియోల్లో "ఏడాదిన్నరలో డబ్బు వెనక్కి వస్తుంది" అన్న లెక్కలు ఇప్పుడు చెల్లవు.

సరే, ఏ బండ్లు ఉన్నాయో చూద్దాం. మీ బడ్జెట్‌లో నేను గట్టిగా చూడమనేవి మూడు.

టాటా ఏస్ ప్రో ఈవీ 2025 జూన్‌లో 6.50 లక్షలకు వచ్చింది. 14.4 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ, 750 కేజీల లోడు, కంపెనీ చెప్పే రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌తో నడిచే దూరం, 155 కిలోమీటర్లు. అదే బండి పెట్రోల్ మోడల్ అప్పట్లో 3.99 లక్షలు. ఈ రెండు ధరల మధ్య తేడా చూస్తేనే బ్యాటరీకి ఎంత పెడుతున్నామో అర్థమవుతుంది. మహీంద్రా జీయో 2024 అక్టోబర్‌లో 7.52 లక్షల నుంచి మొదలైంది. 18.4, 21.3 యూనిట్ల రెండు బ్యాటరీలు, 765 కేజీల దాకా లోడు, రేంజి 160 దాకా అంటారు. బ్యాటరీకి ఏడేళ్లు లేదా లక్షన్నర కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు. టాటా పాత ఏస్ ఈవీ 2022లో వచ్చింది, 21.3 యూనిట్ల బ్యాటరీ, 600 కేజీలు. తర్వాత 2024లో టన్ను మోసే మోడల్ తెచ్చారు. కొత్తగా అయితే అది మీ బడ్జెట్ దాటుతుంది. ఆయిలర్ కంపెనీ 2025 సెప్టెంబర్‌లో టన్ను బండిని 5.99 లక్షల నుంచి దించింది. కాగితం మీద అందరికంటే చవక అదే. కానీ ఆ ధర కింది వేరియంట్‌ది. ఫాస్ట్ చార్జింగ్ ఉన్న వేరియంట్ వేరే, దాని ధర వేరే. మీరు పోల్చేటప్పుడు మోడల్ పేరు కాదు, వేరియంట్ పేరుతో పోల్చండి.

బొలెరో పికప్ సైజులో, టన్నున్నర మోసే ఎలక్ట్రిక్ కావాలంటే బడ్జెట్ రెట్టింపు అవుతుంది. మీకు దాని అవసరం లేదు, వదిలేయండి.

మూడు చక్రాల ఎలక్ట్రిక్ కార్గో ఆటోను కూడా కొట్టిపారేయకండి. మహీంద్రా ట్రియో జోర్ 550 కేజీలు మోస్తుంది, ఆయిలర్ హైలోడ్ 688 దాకా. బిస్కెట్లు, చిప్స్ లాంటి తేలిక సరుకు గల్లీల్లో వేయడానికి అదే బాగుంటుంది. మల్కాజిగిరి లోపలి రోడ్లలో నాలుగు చక్రాల బండి తిప్పడానికే పది నిమిషాలు పడుతుంది. కానీ వాటర్ కేసులతో నాచారం నుంచి బయటికి వెళ్లి వచ్చే పనికి మూడు చక్రాలు వద్దంటాను.

బరువు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. లీటరు వాటర్ బాటిళ్లు పన్నెండు ఉన్న కేసు ఒక్కటి పన్నెండు కేజీల పైనే తూగుతుంది. అరవై కేసులకే 750 కేజీలు అయిపోయాయి. హమాలీకి అది కనపడదు, డాలా మీదికి రాకపోతే ఖాళీ ఉందనే అనుకుంటాడు. డీజిల్ ఏస్‌లో టన్నుంపావు వేసి నడిపిన అలవాటు మనందరికీ ఉంది. ఎలక్ట్రిక్‌లో అలా వేస్తే మొదట రేంజి పడిపోతుంది, తర్వాత మోటారు, దాన్ని నడిపే కంట్రోలర్ వేడెక్కి బండి తనంతట తనే స్పీడు తగ్గించేస్తుంది. పైగా బండి ఎంత లాగింది, ఎంత వేడెక్కింది అన్న డేటా అంతా లోపల రికార్డు అవుతుంది. రేపు వారంటీ అడిగినప్పుడు వాళ్లు ముందు చూసేది అదే. మీ సరుకులో సగం నీళ్లే కాబట్టి టన్ను బండి అవసరమా, లేక రెండు ట్రిప్పులు వేసుకుంటే 750 కేజీల బండి చాలా అన్నది ముందు తేల్చుకోండి. మీ షాపులన్నీ ఎనిమిది, పది కిలోమీటర్ల లోపే ఉన్నాయి. నేనైతే చిన్న బండితో రెండు ట్రిప్పులే వేస్తాను. గోడౌన్‌కు మధ్యాహ్నం వచ్చినప్పుడు రెండో లోడు ఎక్కించే గంటలో ప్లగ్గు పెట్టుకుంటే 15 కిలోమీటర్లు తిరిగి వస్తాయి.

రేంజి గురించి: కంపెనీ 155, 160 అని చెప్తే, లోడుతో, ఆగుతూ సాగుతూ వెళ్లే హైదరాబాద్ ట్రాఫిక్‌లో 95 నుంచి 110 అని లెక్క వేసుకోండి. అందులో కూడా 15 శాతం కింద బండిని నడపకూడదు. కాబట్టి రోజూ ధైర్యంగా నడిపేది 80, 85. మీ 70కి అది సరిపోతుంది. కానీ పండగ రోజుల్లో 90 వస్తే మధ్యాహ్నం చార్జింగ్ తప్పదు. మా బండి ఒకటి మేడ్చల్ నుంచి తిరిగొస్తుంటే సుచిత్ర దగ్గరికి వచ్చేసరికి మీటర్లో 12 శాతం చూపించింది. ట్రాఫిక్ ఆగిపోయింది, ఎండ మండిపోతోంది. డ్రైవర్ ఫ్యాన్ కూడా ఆపేసి, కిటికీలు దించుకుని, మీటర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. నిజానికి ఆగిన బండి పెద్దగా కరెంటు తినదు. డీజిల్ బండి లాగా ఊరికే ఇంజన్ తిరగదు కదా. ఈ సంగతి డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంటే అంత టెన్షన్ ఉండదు. ట్రాఫిక్ జాం కంటే ఖాళీ రోడ్డు మీద ఫుల్ స్పీడులో పోవడమే బ్యాటరీని ఎక్కువ తింటుంది. కొత్త డ్రైవర్లందరికీ మొదటి రోజే ఇది చెప్తాను.

ఇప్పుడు నేను మొదట చెప్పిన చార్జింగ్ పాయింట్. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు.

చిన్న ట్రాలీలకు పెద్ద చార్జర్ అవసరం లేదు. గీజరుకు వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు పాయింటే చాలు, ఆరేడు గంటల్లో నిండుతుంది. కానీ గీజరు పావుగంట నడుస్తుంది, ఇది రాత్రంతా పూర్తి లోడు మీద నడుస్తుంది. పాత గోడౌన్లలో సన్న వైరు, వదులైన సాకెట్ ఉంటే వారం రోజుల్లో సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ పసుపు రంగులోకి మారుతుంది, తర్వాత నల్లబడుతుంది. మా దగ్గర ఒక గోడౌన్‌లో పిన్నుల చుట్టూ కరిగి ప్లగ్గు సాకెట్‌కు అతుక్కుపోయింది. ఆ రాత్రి వాచ్‌మన్‌కు వాసన వచ్చింది కాబట్టి సరిపోయింది. పక్కనే అట్టపెట్టెల సరుకు ఉంది.

అందుకే మీటరు బోర్డు నుంచి నేరుగా విడి లైను, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టించండి. మంచి కంపెనీ ఇండస్ట్రియల్ సాకెట్ వేయించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వాడొద్దు. మొదటి రోజు చార్జింగ్ పెట్టిన గంట తర్వాత సాకెట్ పక్కన గోడ మీద, ప్లగ్గు వెనక భాగం మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి తీసేయాలనిపిస్తే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వైరింగ్ అంతా పదిహేను, ఇరవై వేలలో అయిపోతుంది. దీన్ని బండి ధరలో భాగమే అనుకోండి.

విడి మీటరు కోసం మీ ఏరియా కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) కలవండి. గోడౌన్ అద్దెది అయితే ఓనర్ సంతకం కావాలి. ఓనర్ ఒప్పుకుంటాడా లేదా అన్నది బండి బుక్ చేశాక కాదు, బుక్ చేయకముందే తేల్చుకోండి. కుషాయిగూడలో నాకు తెలిసిన ఒక కిరాణా వ్యాపారి బండి తెచ్చాక ఓనర్‌ను అడిగితే, మంటలు అంటుకుంటాయన్న భయంతో వద్దన్నాడు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడదామంటే అసోసియేషన్ గూడ్స్ బండి లోపలికే రానివ్వలేదు. నాలుగు నెలలు రోజూ స్టేషన్‌కు తిప్పి, చివరికి నష్టానికి అమ్మేశాడు. బండిలో లోపం ఏమీ లేదు.

డ్రైవర్ సంగతి కూడా ఇందులో భాగమే. మీ డ్రైవర్ రాత్రి బండి ఇంటికి తీసుకెళ్తాడా? చాలామంది తీసుకెళ్తారు, పొద్దున్నే నేరుగా లోడింగ్‌కు వస్తారు. అలాగైతే చార్జింగ్ అతని ఇంట్లో జరుగుతుంది. అతని ఇంటి కరెంటు బిల్లు నెలకు మూడు వేలు పెరుగుతుంది, అద్దె ఇల్లయితే ఇంటి ఓనర్ అడుగుతాడు. అతను కీసర వైపు ఉంటే రానూపోనూ నలభై కిలోమీటర్లు, అంటే మీ రేంజిలో సగం అక్కడే పోయింది. మా దగ్గర ఎలక్ట్రిక్ బండ్లన్నీ రాత్రి గోడౌన్‌లోనే ఆగుతాయి. డ్రైవర్ టూవీలర్ మీద వస్తాడు, పెట్రోల్ డబ్బులు మేమే ఇస్తాం. ఆ చిన్న ఖర్చు పెట్టుకున్నాకే మా లెక్క కుదిరింది. డ్రైవర్లు మొదట్లో గొణిగారు కానీ, క్లచ్ తొక్కే పని లేక సాయంత్రానికి మోకాలు నొప్పి ఉండట్లేదని ఇప్పుడు వాళ్లే ఎలక్ట్రిక్ బండి అడుగుతున్నారు.

బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందని కూడా అడిగారు. మీ కిలోమీటర్ల ప్రకారం ఏడాదికి 22 వేలు. లక్షన్నర కిలోమీటర్లు, ఏడేళ్లు అన్న వారంటీ మీకు దాదాపు రెండూ ఒకేసారి పూర్తవుతాయి. ఇది మంచి పొంతన. రోజుకు 120 తిరిగేవాళ్లకైతే కిలోమీటర్ల లెక్కన నాలుగేళ్లకే వారంటీ అయిపోతుంది. వారంటీ కాగితంలో కెపాసిటీ ఎంత శాతం కింద పడితే మారుస్తారో, మొత్తం ప్యాక్ మారుస్తారా, లోపలి మాడ్యూల్ మాత్రమే మారుస్తారా అన్నది చదవండి. సేల్స్ అబ్బాయి నోటిమాట చాలదు. ఎండాకాలం బండి రాగానే వేడి మీద ప్లగ్గు పెట్టకుండా గంట ఆగి పెట్టడం, ఫాస్ట్ చార్జింగ్ అవసరమైన రోజే వాడటం, సున్నా దాకా దించకపోవడం. బ్యాటరీ కోసం మనం చేయగలిగింది ఇంతే.

సెకండ్ హ్యాండ్ రేటు ఇంకా కుదురుకోలేదు. డీజిల్ ఏస్ అయితే ఆటోనగర్ తీసుకెళ్తే సాయంత్రానికి ఎవరో ఒకరు కొంటారు. ఎలక్ట్రిక్ అయితే "బ్యాటరీ సంగతేంటి" అని అడిగి వెళ్లిపోతారు. కాబట్టి నేను ఏడేళ్ల తర్వాత బండికి విలువ సున్నా అనే వేసుకుంటాను. అప్పటికీ మిగిలితేనే కొంటాను. మీ లెక్కలో నాలుగేళ్లు నెలకు 4,500, కిస్తీ తీరాక మూడేళ్లు నెలకు 8,700 మిగులుతుంది. డీజిల్ బండికి వచ్చే రీసేల్ రెండు లక్షలు తీసేసినా, సొంత చార్జింగ్ ఉంటే మీరు లాభంలోనే ఉంటారు.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం ఎలక్ట్రిక్ గూడ్స్ బండ్లకు 15 శాతం తక్కువ. కానీ బండి ధర ఎక్కువ కాబట్టి ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియం ఎక్కువ, మొత్తం మీద పెద్ద ఆదా ఏమీ ఉండదు. పాలసీలో బ్యాటరీ, చార్జర్ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. నీళ్లలో మునిగితే వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. బ్యాటరీకి ఐపీ67 ఉందని చెప్తారు, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చేసే పరీక్ష. అయినా వానాకాలంలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే బండి దించొద్దని డ్రైవర్‌కు గట్టిగా చెప్పండి. బ్యాటరీ తట్టుకున్నా, బ్రేకులు, బేరింగులు, కనెక్టర్లు ఆ బురద నీటితో పాడవుతాయి.

కాగితాల విషయంలో మీకు పెద్ద పని లేదు. కమర్షియల్ ఎలక్ట్రిక్ కాబట్టి ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు వస్తాయి. ఈ సైజు బండికి పర్మిట్ అక్కర్లేదు. డ్రైవర్‌కు మామూలు ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్ చాలు, దీని మీద 2024 నవంబర్‌లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. ఫిట్‌నెస్ మాత్రం మామూలుగానే చేయించాలి.

షోరూం కంటే సర్వీస్ సెంటర్‌ను ముందు చూడండి. ఉప్పల్, నాచారం దగ్గర్లో ఎలక్ట్రిక్ బండి చూసే టెక్నీషియన్ ఉన్న వర్క్‌షాప్ ఉందా, కంట్రోలర్ పోతే ఎన్ని రోజులు పడుతుంది అని అక్కడ బండి ఆపుకుని కూర్చున్న డ్రైవర్లను అడగండి. మా దగ్గర ఒక కంపెనీ బండి చిన్న పార్ట్ రాక మూడు వారాలు ఆగిపోయింది. వీధి మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు. ఆ మూడు వారాలు బయట బండి కిరాయికి పెట్టుకున్న ఖర్చుతో ఆ ఏడు డీజిల్ మీద ఆదా అయిందంతా పోయింది. చవక బండి అనుకున్నది అక్కడ ఖరీదైంది. అందుకే 5.99, 6.50, 7.52 అన్న అంకెల మధ్య ఎంచుకునేటప్పుడు, మీ గోడౌన్‌కు దగ్గర్లో సర్వీస్ ఉన్న కంపెనీకి నేను యాభై వేలు ఎక్కువైనా ఇస్తాను.

కొనే ముందు ఎలక్ట్రిక్ బండి ఉన్న ఓనర్‌ను పట్టుకుని నెల రోజులు కిరాయికి పెట్టుకోండి. మీ డ్రైవర్‌తో, మీ వాటర్ కేసులతో, మీ గోడౌన్ సాకెట్ నుంచే నడపండి. విడి మీటరు వచ్చేదాకా కూడా ఆ నెల పనికొస్తుంది.

పాత డీజిల్ ఏస్‌ను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయమని షోరూం వాళ్లు ఒత్తిడి చేస్తారు, వెంటనే ఇవ్వకండి. దాన్ని ఎలక్ట్రిక్‌గా మార్పించే ఆలోచన మాత్రం వద్దు. ఆమోదం ఉన్న కిట్ వేయించి, ఆర్‌సీలో మార్పించుకోవాలి. పదేళ్లు దాటిన ఛాసిస్ మీద అంత డబ్బు పెట్టడం దండగ. కానీ ఫిట్‌నెస్ ఉన్నన్నాళ్లు ఒక ఎండాకాలం దాకా ఉంచుకోండి. కూల్‌డ్రింక్స్ సీజన్‌లో మార్చి నుంచి జూన్ దాకా మీకు ఎలాగూ రెండు బండ్ల పని ఉంటుంది. 90 దాటే రోజుల్లో దూరం షాపులు దానికిచ్చి, దగ్గరవి కొత్త బండికి పెట్టండి. జూన్ తర్వాత ఓడోమీటర్ పుస్తకం చూసి, పాతది అమ్మాలా ఉంచాలా అప్పుడు నిర్ణయించుకోండి.

గోడౌన్ సొంతమా అద్దెదా, ఇప్పుడు మీటరు ఏ కేటగిరీ, డ్రైవర్ ఎక్కడ ఉంటాడు అన్నవి రాస్తే మీ అంకెలతో మళ్లీ లెక్క వేసి పెడతాను.